అక్క ఓడకు పాఠాలు

ఆ వానాకాలం మా ఇంట్లో వాతావరణం వార్తలు మొదలైతే ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అని తెలుసుకోవడానికి కాదు. మా అక్క సముద్రం మీద ఉంది. సరుకు ఓడలో, ఇంజిన్ గదిలో ఆయిలర్. ఎక్కడ నూనె తగ్గింది, ఎక్కడ వేడెక్కింది అని చూసుకుంటూ రోజంతా ఇనప మెట్లు ఎక్కి దిగడం ఆమె ఉద్యోగం. తొమ్మిది నెలలు నీళ్ళ మీద, మూడు నెలలు ఇంట్లో. అక్క కూతురు బుడ్డి మా దగ్గరే, అంటే అమ్మ దగ్గరా నా దగ్గరా పెరుగుతోంది. బావ లేడు. ఆ సంగతి ఈ కథకు అక్కర్లేదు.

ఒక ఆదివారం అక్క ఫోన్ చేసింది. బుడ్డి పరుగెత్తుకెళ్ళి తీసింది. కాసేపు చెవికి ఆనించుకుని, మొహం చిట్లించి, నా చేతిలో పెట్టేసింది.

"అమ్మ మాట నమిలి నమిలి వస్తోంది పిన్నీ. నువ్వే మాట్లాడు."

అని వెళ్ళి అమ్మమ్మ కుట్టుమిషను పక్కన గుడ్డముక్కల్లో కూర్చుంది.

అక్క కంపెనీవాళ్ళు ఇంజిన్ గది పనివాళ్ళలోంచి ఒకరిని జూనియర్ ఇంజినీరుగా తీసుకుంటామన్నారు. దానికి దూరవిద్యలో ఒక కోర్సు పాసవ్వాలి. అక్క ఎగిరి గంతేసి చేరింది. ఇంజినీరైతే నాలుగు నెలలు ఓడ, రెండు నెలలు ఇల్లు. బుడ్డి ఎదుగుతుంటే కళ్ళారా చూడొచ్చు. తమాషా ఏమిటంటే ఆ కోర్సు నడిపేది నేను పనిచేసే కాలేజీయే. ఆన్‌లైన్ పాఠాల ప్లాట్‌ఫామ్‌కి ప్రోగ్రామర్‌ని నేనే.

"ఏమే చిన్నీ, మీ కాలేజీవాళ్ళకి బుద్ధుందా?" అంది అక్క, లైను కాస్త తేరుకోగానే. "ఇక్కడ నెట్ మనిషికింత అని కొలిచి పోస్తారు. మీ పేజీ తెరిస్తే ముందు ప్రిన్సిపాల్ గారి ఫోటో వస్తుంది. తర్వాత బిల్డింగు ఫోటో. తర్వాత ఎవరో పిల్లలు టోపీలు ఎగరేస్తూ ఉంటారు. పాఠం వచ్చేలోగా నా వాటా అయిపోతుంది. ప్రిన్సిపాల్ మొహం కంఠతా వచ్చేసింది గానీ పంపుల పాఠం ఒక్క ముక్క రాలేదు."

నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు.

"ఈ వానాకాలం చివర్లో పరీక్ష. ఇది తప్పితే మళ్ళీ ఎప్పుడు అడుగుతారో, అసలు అడుగుతారో లేదో. పాఠాలు పెట్టేది నువ్వేనంటావు కదా, ఆ ఒక్క పాఠం నాకు చేర్చలేవా?"

లైను తెగిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే పరీక్షల మేడమ్ గదికి వెళ్ళాను. పరీక్షల విభాగానికి ఆవిడే పెద్ద. ఆవిడ గదిలో ఫ్యాను కూడా అనుమతి అడిగి తిరుగుతుందని మా సర్వరన్న జోకు. సర్వరన్న అంటే కాలేజీ సర్వర్లు చూసుకునే ఆయన. అసలు పేరు ఎవరూ పిలవరు.

ప్లాట్‌ఫామ్‌కి కొత్తగా కొన్ని వెబ్ సర్వీస్ ఫంక్షన్లు రాస్తానని చెప్పాను. పేజీతో పని లేకుండా, ఓడలో ఉన్న చిన్న ప్రోగ్రాము నేరుగా వచ్చి పాఠం అడిగితే, మాటలూ గీతల బొమ్మలూ మాత్రమే ముక్కలు చేసి అవి ఇస్తాయి. లైను తెగితే తెగిన చోటు నుంచే మళ్ళీ అందుకుంటాయి. పరీక్ష జవాబులు కూడా అలాగే వెనక్కి వస్తాయి.

మేడమ్ కళ్ళజోడు దించి చూసింది. "ఎవరికోసం?"

"మా అక్క కోసమండీ. ఓడలో ఉంది."

"దాచకుండా చెప్పావు, బాగుంది. దీవి ఆసుపత్రి నర్సులు ఏటా మన కోర్సు సగంలో మానేస్తారు, తెలుసా? కొండ మీద అడవి కాపలావాళ్ళు కూడా అంతే. శ్రద్ధ లేదని రాసి పడేస్తున్నాం. వాళ్ళకీ ఇదే గొడవై ఉంటుంది." ఆవిడ కిటికీలోంచి వాన కేసి చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "ఒక్క మనిషి కోసం కాలేజీ గోడకి కన్నం పెట్టనివ్వను. అందరి కోసమైతే పెట్టు. ఇంకోటి. మీ అక్క పేపరు నువ్వు ముట్టుకోకూడదు. చూడ్డానికి కూడా వీల్లేదు. పేపర్లు తెరిచే తాళం నా దగ్గరే ఉంటుంది."

"అలాగేనండీ."

"అలాగే అని తల ఊపడం తేలిక," అంది ఆవిడ. ఆ మాట ఎంత నిజమో నాకు తర్వాత తెలిసింది.

*

ప్లాట్‌ఫామ్‌తో పాటు కొన్ని ఫంక్షన్లు రెడీమేడ్‌గా వస్తాయి. కానీ వాటిని పాఠం అడిగితే పాఠంతో పాటు ఊరంతా వెంటబెట్టుకొస్తాయి. అందుకని నావి నేనే రాసుకోవాల్సి వచ్చింది. ఏమేం అడగొచ్చో ముందే చెప్పాలి. ఏమేం తిరిగిస్తుందో చెప్పాలి. అడగడానికి ఎవరికి హక్కుందో చెప్పాలి. ఈ మూడూ రాసుకుని, పాఠం ఇచ్చే పని రాసి, మహా సంబరంగా ఆ ఫంక్షన్‌ని పిలిచి చూశాను.

అలాంటి ఫంక్షన్ లేదు అంది ప్లాట్‌ఫామ్, మొహం మీదే.

స్పెల్లింగు చూశాను. బ్రాకెట్లు లెక్కపెట్టాను. ఫోల్డరు మార్చి మళ్ళీ మొదటికొచ్చాను. మధ్యాహ్నానికి తల ప్రాణం తోకకొచ్చింది. సర్వరన్న భోజనం క్యారియరు విప్పుతూ నా వెనక నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, వెర్షన్ నంబరు పెంచావా?"

పెంచలేదు. నంబరు పెంచితేనే ప్లాట్‌ఫామ్ లేచి, కొత్తగా ఏమొచ్చిందా అని చూసుకుంటుంది. లేకపోతే పాత జ్ఞాపకంతోనే కూర్చుంటుంది. ఒక్క అంకె మార్చాను. ఫంక్షన్ పలికింది. పలికి, ఇస్తానన్నవాటిలో ఒకటి తగ్గిందని మళ్ళీ పేచీ పెట్టింది. బొమ్మ లేని పాఠానికి బొమ్మ గడి ఖాళీగానైనా పంపాలి, వదిలెయ్యకూడదు. అదీ సరిచేశాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ముందు గదిలో కుడుతోంది. మా ముందు గదే అమ్మ దర్జీ దుకాణం.

"ఏం చేశావే ఇవాళ, మొహం అలా వెలిగిపోతోంది?"

"సర్వర్లో ఫంక్షన్ పెట్టానమ్మా, అక్క కోసం."

అమ్మ మిషను ఆపేసింది. "ఫంక్షనా? అది ఊళ్ళో లేకుండానా? పైగా సర్వర్‌ని కూడా మాట్లాడావా? ఎంతమందిని పిలిచావేంటి?"

బుడ్డి పడీ పడీ నవ్వింది. నేను విడమరిచి చెప్పాను. మన దుకాణానికి వీధివైపు కిటికీ ఉంది కదా, ఎవరూ లోపలికి రాకుండానే కొలతలూ బట్టా ఇచ్చేసి, కుట్టినవి పట్టుకెళ్తారు కదా, అలాంటి కిటికీ అన్నాను.

"అలా చెప్పు మరి," అంది అమ్మ. "ఇంతకీ దాని పంపులు దానికి అందుతాయా?"

ఓడ ఒక రేవులో ఆగినప్పుడు, అక్క చీఫ్ ఇంజినీరు అనుమతితో నా చిన్న ప్రోగ్రామును ఓడ లాప్‌టాప్‌లో ఎక్కించుకుంది. మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాక రెండు వాక్యాల మెసేజి వచ్చింది.

"పంపులు వచ్చాయి. ప్రిన్సిపాల్ రాలేదు."

ఆఫీసులో కుర్చీలోంచి లేచి అరిచేశాను. సర్వరన్న చేతిలో టీ ఒలికింది. పోనీలే చెల్లెమ్మా, ఇలాంటివాటికి ఒలకాలి అన్నాడు.

*

ఆ తర్వాత వారాలు గాల్లో తేలినట్టు గడిచాయి. పాఠాలు ఓడకీ దీవికీ కొండకీ వెళ్తున్నాయి. దీవి నుంచి ఒక నర్సు, ఇన్నాళ్ళూ మేం మందబుద్ధులమనుకున్నాం, మా లైనే మందమన్నమాట అని రాసింది. అక్క అయితే పాఠం మింగేస్తోంది. ఓడ వంటాయన కూడా లాప్‌టాప్ పక్కన నిలబడి చదువుతున్నాడట, తనకీ ఏదైనా కోర్సుందా అని అడుగుతున్నాడట.

ఇక మిగిలింది పరీక్ష. మేడమ్ దగ్గరికి వెళ్ళి, జవాబులు వచ్చే ఫంక్షన్ చూపించాను.

"రాసి ముగించిన టైము ఎవరు చెప్తారు?" అంది ఆవిడ.

"ఓడలో కంప్యూటరు రాసి పంపుతుందండీ."

"ఓడల్లో గడియారం దారిని బట్టి ముందుకీ వెనక్కీ తిప్పుతారని మీ అక్క చెప్పలేదా? గడువు దాటాక తీరిగ్గా రాసుకుని, గడియారం వెనక్కి తిప్పి పంపితే నేనేం చెయ్యాలి?"

"మా అక్క అలా చెయ్యదండీ."

"చెయ్యదు. ఇంకొకరు చేస్తారు. అప్పుడు మీ అక్క సర్టిఫికెట్‌కి కూడా విలువ ఉండదు. గడువులోగా పేపరు నా దగ్గరికి చేరాలి. అంతే."

ఆవిడ అన్నదాంట్లో తప్పు వెతుక్కుంటూ ఇంటికి నడిచాను, దొరకలేదు. ఈ వానల్లో, ఆ లైను మీద, బొమ్మలు గీసిన పేపరు పూర్తిగా రావడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంట్లో ముందు గదిలో గొడవ జరుగుతోంది. ఒకావిడ జాకెట్టు చేత్తో ఊపుతూ, "ఇది నా బట్ట కాదు, మార్చేశారు," అంటోంది. అమ్మ ఆవిడ చీటీ తీసింది. దానికి గుండుసూదితో గుచ్చిన చిన్న గుడ్డ పీలిక ఉంది. బట్ట తీసుకున్నప్పుడే అంచు కత్తిరించి చీటీకి గుచ్చడం అమ్మ అలవాటు. ఆ పీలికను జాకెట్టు లోపలి అంచుకి ఆనించింది. నేత నేతకీ పువ్వు పువ్వుకీ అతికినట్టు కలిసింది. ఆవిడ జాకెట్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే అది. ఆ రోజు మాత్రం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయాను.

పేపరంతా గడువులోగా రానక్కర్లేదు. దాని పీలిక వస్తే చాలు. జవాబులన్నింటి నుంచీ లెక్కగట్టిన ఒక్క పొట్టి వరుస, ముద్రలాంటిది. జవాబులో ఒక్క చుక్క మార్చినా ముద్ర మారిపోతుంది. ఒక్క వరుసే కాబట్టి ఎంత పాడు లైను మీదైనా వచ్చేస్తుంది. అసలు పేపరు తర్వాత ఎప్పుడు వచ్చినా మళ్ళీ ముద్ర లెక్కగట్టి చూసుకోవచ్చు. కలిసిందా, గడువులోగా రాసిన పేపరు అదే.

"లోపలికి రావే, వాన జల్లు పడుతోంది," అంది అమ్మ.

మేడమ్ అంతా విని, నమ్మకం కుదరక, తనే ఒక ఉత్తుత్తి పేపరు రాసింది. ముద్ర పంపింది. తర్వాత పేపరులో ఒక ఫుల్‌స్టాప్ తీసేసి పంపింది. ఫంక్షన్ ఒప్పుకోలేదు. ఒక ఖాళీ పెంచి చూసింది. ఒప్పుకోలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ చేయని మోసం లేదు. చివరికి మొదట రాసిన పేపరే పంపింది. ముద్ర కలిసింది.

"పెట్టెయ్," అంది. మొహంలో ఏమీ లేదు గానీ, గది దాటుతుంటే వెనక ఆవిడ ఏదో కూనిరాగం తీయడం వినిపించింది.

ఓడ నుంచి కూడా ఒక ఉత్తుత్తి పేపరు పంపించమన్నాం. అది మేడమ్ తాళంతోనే తెరుచుకుంది. ఆవిడ గంభీరంగా పైకి చదివింది.

"'బుడ్డీ, దుప్పటి నిండా కప్పుకుని పడుకో. అమ్మమ్మ మిషను కింద పాకకు, సూదులుంటాయి. నేను బాగున్నాను.'" తలెత్తింది. "బుడ్డి ఎవరు?"

"మా అక్క కూతురండీ."

"ఎన్నో క్లాసు?"

"రెండండీ."

ఉత్తుత్తి పేపర్లు చెరిపేయమన్నది ఆవిడే. ఆ ఒక్కటీ చెరపలేదని సర్వరన్న తర్వాత చెప్పాడు.

*

పరీక్ష రోజు మా దగ్గర ముసురు. అక్క ఉన్నచోట తుఫాను.

ఓడలో చీఫ్ ఇంజినీరు ఎదురుగా కూర్చుని పరీక్ష రాయించాలని ఏర్పాటు. మధ్యాహ్నం దాటాక అక్క ముద్ర వచ్చింది. అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక్క వరుస. గడువుకి ఇంకా బోలెడు సమయం ఉంది. సర్వరన్న నా భుజం తట్టాడు. ఆ వెంటనే ఓడ లైను ఆగిపోయింది.

మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఓడ దారి మళ్ళించుకుందని, యాంటెన్నా దెబ్బతిని ఉండొచ్చని, కంగారు పడొద్దని చెప్పారు. కంగారు పడొద్దు అన్న మాటకే అమ్మ కుర్చీలో కూలబడింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ అక్క గురించి అడగలేదు. అందరం పేపరు గురించే అడుగుతున్నాం. నేను గుమ్మంలోకి రాగానే అమ్మ, "పేపరు వచ్చిందా?" అనేది. బడి నుంచి వచ్చి బుడ్డి కూడా అదే. "అమ్మ పేపరు వచ్చిందా పిన్నీ?" ఇంకా రాలేదమ్మా అంటే తల ఊపి, సంచి మూలన పెట్టి, హోంవర్కు తీసుకునేది. నా కళ్ళల్లోకి చూసేది కాదు. అమ్మ మిషను మీద ఒక లంగా సగం కుట్టి అలాగే ఉండిపోయింది. అమ్మ అలా వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

దీవి పేపర్లు వచ్చాయి. కొండ పేపర్లు వచ్చాయి. ముద్రలన్నీ కలిశాయి. ఎవరైనా శభాష్ అంటే నాకు చెవికెక్కలేదు.

ఒక పొద్దున్న మేడమ్ ఫోన్ చేసింది. "నా గదికి రా."

వెళ్ళేసరికి ఆవిడ తెర ముందు నిలబడి ఉంది. కుర్చీ వెనక్కి తోసి ఉంది. తెర మీద ఓడ పేరు, దాని కింద ఒక్కో ముక్క చేరుతున్నట్టు ఒక్కో గీత. ఒకటి వచ్చి ఆగుతోంది. మళ్ళీ ఇంకోటి. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. చివరి ముక్క దగ్గర ఆగిపోయింది.

నా చెయ్యి దానంతటదే కీబోర్డు వైపు వెళ్ళింది. మేడమ్ నా వైపు చూసింది. కోపంగా కాదు, ఊరికే చూసింది. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

ముక్క తగ్గితే తనే ఓడని అడగాలని నేను రాసిన ఫంక్షన్, నేను చెప్పకుండానే అడిగింది. బదులు లేదు. కాసేపాగి మళ్ళీ అడిగింది. బయట వాన చూరు మీద కొడుతోంది. మళ్ళీ అడిగింది. గీత నిండింది. కింద ఒక వాక్యం వచ్చింది: ముద్ర కలిసింది.

మేడమ్ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. అద్దాలు మసకబారలేదు.

"మీ అక్క క్షేమంగా ఉంది," అంది. "ముందు ఇంటికి ఫోన్ చెయ్యి. తర్వాత ఈ గదిలోంచి బయటికి నడువు. నేను పేపరు దిద్దించాలి."

వరండాలో నిలబడి ఫోన్ చేశాను. అమ్మకి చెప్పాను. అటువైపు కుట్టుమిషను తిరగడం మొదలైంది, అంతే.

*

ఫలితాలు వచ్చిన రోజు మేడమ్ తనే మా విభాగానికి నడిచి వచ్చింది. దీవి నర్సులు ఒక్కరు తప్పితే అందరూ పాస్. అడవి కాపలావాళ్ళు అందరూ పాస్. "ఇంక మీ అక్క," అని ఆగింది. సర్వరన్న, "చెప్పండి మేడమ్, చంపకండి," అన్నాడు. ఆవిడతో అలా మాట్లాడిన మనిషి ఆ కాలేజీలో అంతకుముందు లేడు.

"పంపుల పేపరులో నూటికి తొంభై ఆరు," అంది ఆవిడ. "నాలుగు మార్కులు చేతిరాతకి తగ్గించాడు దిద్దినాయన. టైపు చేసిన పేపరుకి చేతిరాతేమిటయ్యా అని అడుగుతున్నాను. తొంభై ఆరు దాటే అవకాశం ఉంది."

నేను ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో గుర్తులేదు. ఆ వారమే కాలేజీవాళ్ళు నా ఫంక్షన్లను అన్ని కోర్సులకీ తెరిచారు. నన్ను మా విభాగానికి పెద్దని చేశారు. సర్వరన్న నన్ను మేడమ్ అని పిలిచి, నేను కొట్టబోతే పారిపోయాడు.

వానలు వెనకబట్టాక ఓడ మా రేవుకి వచ్చింది. అమ్మా, బుడ్డీ, నేనూ వెళ్ళాం. అక్క మెట్లు దిగి వస్తుంటే భుజాల మీద జూనియర్ ఇంజినీరు కొత్త గీతలు మెరుస్తున్నాయి. బుడ్డి పరుగెత్తలేదు. నెమ్మదిగా వెళ్ళి, ఆ గీతల్ని వేలితో తడిమి, అప్పుడు మెడ చుట్టుకుంది. ఇద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు. అమ్మ మాత్రం అక్క యూనిఫారం నడుం దగ్గర వదులుగా ఉందని, ఎవరో తెలివితక్కువ దర్జీ కుట్టాడని తిడుతూ కళ్ళు తుడుచుకుంది.

కెప్టెన్ అనుమతితో అక్క మమ్మల్ని ఇంజిన్ గదికి తీసుకెళ్ళింది. హోరు వినపడకుండా చెవులకి పెద్ద పెద్ద డిప్పలు పెట్టారు. బుడ్డికి అవి బుగ్గల దాకా వచ్చాయి. ఇనప మెట్లు దిగుతుంటే జనరేటరు హోరు కాళ్ళలోంచి పైకి పాకింది. కింద నూనె చేతులతో పనివాళ్ళు, టోపీ పెట్టుకున్న వంటాయన, చీఫ్ ఇంజినీరు నిలబడి ఉన్నారు. అక్క ఒకాయన చెవి మీది డిప్ప ఎత్తి, నన్ను చూపించి ఏదో అరిచింది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పక్కాయన డిప్ప ఎత్తి ఆ మాటే అరిచాడు. అలా ఒకరి నుంచి ఒకరికి వెళ్ళింది.

తర్వాత అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ హోరులో ఒక్క చప్పట కూడా వినిపించలేదు. నల్లటి చేతులు పైకి లేచి కలుస్తున్నాయి, విడుతున్నాయి, మళ్ళీ కలుస్తున్నాయి. అందరికంటే గట్టిగా అక్క కొడుతోంది.